కంకర పోశాం సరే, నీళ్లు ఎటు పోవాలి?

అయ్యా,

మా కాలనీలో ఇప్పుడు ఎవరిని కదిపినా ఫ్రెంచ్ డ్రెయిన్ మాటే. అంటే కంకర, రంధ్రాల పైపుతో నేలలోని నీళ్లను బయటికి తీసుకుపోయే గాడి. గోడ అడుగున చెమ్మెక్కి పెయింటు పొరలుగా లేస్తుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు! ఫోనులో వీడియో చూపించి, మేస్త్రీతో ఇంటి చుట్టూ గాడి తవ్వించి, కంకర పోయిస్తున్నారు. డ్రెయినేజీ విభాగంలో పనిచేసి రిటైరైన వాడిగా ఈ పద్ధతిని నేను తక్కువ చేయను. కాకపోతే గాడి చివర ఉండాల్సిన కాలువే మా కృష్ణా డెల్టా ఊళ్లలో చాలాచోట్ల సరిగా లేదు. అది ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు.

1859లో అమెరికాలో హెన్రీ ఫ్రెంచ్ పొలాల మురుగు తీయడం మీద రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. చేలో నీళ్లు నిలిస్తే గాడి కొట్టి డ్రెయిన్‌లోకి వదలాలని మన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. డ్రెయినే పూడిపోయి ఉంటే గాడి కొట్టి లాభం లేదనీ తెలుసు.

ఇంటి దగ్గరైనా అంతే. అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు గాడి, నూరడుగులకు అడుగు చొప్పున వాలు ఉండాలి. ముందు మట్టిని ఆపి నీళ్లను మాత్రం వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, కడిగిన కంకర కొంచెం వేసి, రంధ్రాలు కిందికి ఉండేలా నాలుగంగుళాల పైపు పెట్టి, పైన మళ్లీ కంకర నింపి గుడ్డ మడవాలి. ఖర్చు కలిసొస్తుందని చాలామంది ఆ గుడ్డే మానేస్తారు. మన నల్లరేగడిలో సన్న మట్టి దిగి కంకర సందులు త్వరగా పూడుకుపోతాయి. పునాదికి ఆనుకుని దానికన్నా లోతుగా తవ్వడం మరీ ప్రమాదం. వాలు కంటి అంచనాతో కాకుండా లెవల్ ట్యూబుతో (నీళ్లు నింపి మట్టం చూసే గొట్టం) చూడాలి.

ఇవన్నీ పద్ధతిగా చేయించిన ఒక ఇల్లు మా వీధిలోనే ఉంది. పైపు మూతి గేటు దగ్గర సైడు కాలువలో తేలింది. పెద్ద వాన పడేసరికి కాలువ నీళ్లు పైపు కన్నా జానెడు పైకి నిండాయి. ఇంకేముంది, వీధి మురుగంతా ఆ పైపులోంచి వెనక్కి వచ్చి పునాది చుట్టూ చేరింది! అది చూసి ఇంకొకాయన తన పైపును ఏకంగా భూగర్భ మురుగు లైనులో కలిపాడు. ఇలా నలుగురు కలిపితే వానాకాలంలో మ్యాన్‌హోళ్లు రోడ్డు మీదికి పొంగక ఏం చేస్తాయి?

ఇంకుడు గుంతలు తవ్వుకోమంటారు. తెలంగాణ మొరం నేలల్లో అది మంచి సలహా. చేతికందే లోతులో నీళ్లుండే డెల్టాలో, అదీ తుపాన్ల నెలల్లో, గుంత ఇంక దేన్ని ఇంకించుకుంటుంది?

దీనికి తోడు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాల్సి వస్తోంది. పాత పొర గీకాకే కొత్తది వేయాలని తమిళనాడులో 2021లోనే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశాలిచ్చారు. అమలు సంగతి అలా ఉంచితే, కనీసం అధికారులను నిలదీయడానికి ఒక కాగితమైనా ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినట్టు వరదే వస్తే ఏ కంకరా ఆపలేదు. నేను అడుగుతున్నది మామూలు వానల గురించి. రోడ్డు టెండరులోనే పాత పొర తీయాలని షరతు పెట్టాలి. సైడు కాలువ అడుగు మట్టం ఇళ్ల ఆవరణ కన్నా కనీసం మూడడుగులు కిందికి ఉండాలి. కుళాయి కనెక్షన్ ఇచ్చినట్టే ఇంటింటికీ వాననీటి పైపు మూతి ఒకటి వదలాలి. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు వాననీళ్లు ఎక్కడ కలుస్తాయో గీసి చూపించమని అడగాలి. ఈ సీజను రోడ్డు పనుల అంచనాలు ఖరారు కాకముందే పురపాలక శాఖ దీని మీద ఉత్తర్వులివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ డ్రెయినేజీ ఉద్యోగి,
కృష్ణా జిల్లా