డాక్యుమెంటరీలకు గ్రంథాలయాల్లో చోటు కల్పించాలి

సంపాదకులకు నమస్కారం.

టికెట్ ధరలు, స్టూడియోలకు స్థలాలు, చిత్రీకరణకు రాయితీలు అంటూ సినిమా రంగం గురించి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తరచూ చర్చ జరుగుతున్నా, అందులో డాక్యుమెంటరీ ఊసు రాదు. ఏ సంస్థకూ ఉద్యోగిగా కాకుండా, కార్మికుల జీవితాల మీద సొంతంగా డాక్యుమెంటరీలు తీస్తున్న దర్శకురాలిగా ఈ విషయంలో ప్రభుత్వాల ముందూ, మీ పాఠకుల ముందూ ఒక విన్నపం ఉంచుతున్నాను.

ముందుగా ఈ పని ఎలా సాగుతుందో చెప్పాలి. మా నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే మహిళకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆమెను పని మాన్పించి కెమెరా ముందు కూర్చోబెట్టడమంటే ఆ పూట కూలికి గండి కొట్టడమే కనుక, చేతులు ఆడుతుండగానే మాట రికార్డు చేసుకుంటాం. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపి మెత్తబరిచిన తునికాకు, పక్కన కత్తెర, దారపు ఉండ. ఆమె చూపు ఆకు మీద ఉంటుందే గాని కెమెరా వైపు తిరగదు. వెయ్యి బీడీలకని తూచి ఇచ్చిన ఆకు వెయ్యికి చాలదనీ, తక్కువ పడిన ఆకును తామే కొనుక్కుంటున్నామనీ మొదటి రోజే ఎవరూ చెప్పరు. ఆ మాట ఆకు తూచి ఇచ్చే కమీషన్‌దారు చెవిన పడితే రేపటి నుంచి ఆకు రాదేమోనన్న భయం వారిది. మనం మళ్లీ మళ్లీ వెళ్లి, కెమెరా తీయకుండా కూర్చుని, ఇంటి కష్టసుఖాలు విన్న తర్వాత గాని ఆ భయం తగ్గదు. డాక్యుమెంటరీకి ప్రాణం పోసేది ఆ కాలమే, కానీ దానికి డబ్బిచ్చేవారు మాత్రం ఉండరు. స్వచ్ఛంద సంస్థలు నిధులిస్తే తమ పథకం విజయగాథ కావాలంటాయి. ఓటీటీ సంస్థలకు ఎక్కువగా నేర కథలూ, ప్రముఖుల జీవితాలూ కావాలి. మిగిలిన దారి పెళ్లిళ్లకూ, ప్రకటనలకూ కెమెరా పట్టి సంపాదించిన దాన్ని ఇందులో పెట్టడమే. నా తోటివారిలో చాలామంది చేస్తున్నది ఇదే, అందుకు వారేమీ చిన్నబుచ్చుకోవడం లేదు.

అయితే నా విన్నపం నిర్మాణ వ్యయం గురించి కాదు. ఇంత కష్టపడి తీసిన చిత్రాన్ని చూపడానికి మన దగ్గర చోటే లేకపోవడం అంతకన్నా పెద్ద సమస్య. 1948లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ చిత్ర నిర్మాణ విభాగం ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాలనూ డాక్యుమెంటరీలనూ ఒకప్పుడు థియేటర్లలో అసలు సినిమాకు ముందు, తెలుగు వ్యాఖ్యానంతో సహా, తప్పనిసరిగా చూపేవారు. వాటిలో ప్రభుత్వ ప్రచారం పాలు ఎక్కువేనన్నది నిజమే గాని, డాక్యుమెంటరీ అనేది ఒకటుందని పల్లెటూరి ప్రేక్షకుడికి కూడా తెలిసేది. ఆ అలవాటు పోయింది. 2022లో ఫిల్మ్స్ డివిజన్ కూడా జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. భోపాల్ గ్యాస్ దుర్ఘటనపై తీసిన, జాతీయ పురస్కారం కూడా పొందిన చిత్రాన్ని దూరదర్శన్ ప్రసారం చేయనంటే, 1992లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలవాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లే శక్తి ఎందరికి ఉంటుంది? సెన్సార్ సర్టిఫికెట్ నిరాకరిస్తే అప్పీలు చేసుకునే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశాక, చిన్న దర్శకుడు కూడా నేరుగా హైకోర్టు గడప తొక్కవలసిందే.

పొరుగునే ఉన్న కేరళలో చలచ్చిత్ర అకాడమీ 2007 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీలకూ, లఘుచిత్రాలకూ అంతర్జాతీయ ఉత్సవం నిర్వహిస్తోంది. మనకు ప్రతిభకు లోటుందా? జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాలకు చెందిన దళిత మహిళలు, బడి ముఖం చూడనివారు సైతం, కెమెరా పట్టి తమ చిరుధాన్యాల సాగు గురించీ, వరంగల్ ప్రాంతపు బీటీ పత్తి రైతుల నష్టాల గురించీ చిత్రాలు తీశారు. వారి పని గురించి విదేశాల్లో మాట్లాడుకున్నంతగా మన జిల్లా కేంద్రాల్లో మాట్లాడుకోలేదన్నది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

అందుకే నేను కోరేది కొత్త భవనమో, కొత్త అకాడమీయో కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నాయి. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. ముందు దానిని సరిదిద్దాలి. ఆ నిధిలో ఒక చిన్న భాగంతో ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో నెలకొక సాయంత్రం ఒక తెలుగు డాక్యుమెంటరీ ప్రదర్శించి, దర్శకులకు ప్రదర్శన రుసుము చెల్లించి, చిత్రం ప్రతిని పుస్తకాల లాగే భద్రపరచాలి. కృష్ణా డెల్టా కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పి జనానికి చేర్చిన గ్రంథాలయోద్యమం మనది. పుస్తకం చదవలేని బీడీ కార్మికురాలు, తన గురించి తీసిన చిత్రాన్ని తన పన్నుతో నడిచే గ్రంథాలయంలో చూడగలగడం ఆ ఉద్యమానికి పరాయి విషయం కాదు.

ప్రదర్శన వివాదాలకు దారి తీస్తుందని అధికారులు వెనుకాడవచ్చు. సెన్సార్ సర్టిఫికెట్ పొందిన చిత్రాలతోనే మొదలుపెడితే ఆ సంకోచానికి తావుండదు. చిత్రాలను ఎంపిక చేసే బాధ్యతను మాత్రం ఒక్క అధికారి చేతిలో పెట్టకుండా, గ్రంథపాలకుడు, ఉపాధ్యాయులు, స్థానిక కార్మిక సంఘాల ప్రతినిధులు ఉన్న చిన్న కమిటీకి అప్పగించాలి. ప్రదర్శన తర్వాత ఒక గంట చర్చకు కేటాయించడం తప్పనిసరి చేయాలి. మా ప్రాంతంలో ఒక కమ్యూనిటీ హాలు గోడ మీద బీడీ కార్మికుల చిత్రం వేసినప్పుడు, తెర మీది మాటలు ముగియకముందే వెనుక వరుసలోని మహిళలు తమ పీఎఫ్ ఖాతాల లెక్కలు అడగడం మొదలుపెట్టారు. చిత్రం కన్నా ఆ చర్చే ఎక్కువసేపు సాగింది.

రెండు రాష్ట్రాల గ్రంథాలయ పరిషత్తులు ఈ ప్రతిపాదనను పరిశీలించాలని కోరుతున్నాను. ప్రయోగాత్మకంగా ముందు నిజామాబాద్ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ప్రారంభిస్తే, మొదటి ఏడాది ప్రొజెక్టరు, స్పీకర్లు మేమే తెచ్చుకుని, రుసుము తీసుకోకుండా చిత్రాలు చూపడానికి నేనూ, నా తోటి దర్శకులూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక స్వతంత్ర డాక్యుమెంటరీ దర్శకురాలు,
నిజామాబాద్