క్యాంపస్ తెరపై కనిపించేది ఏక్యూఐ కాదు

సంపాదకునికి,

విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో చౌక సెన్సర్లు బిగించి, గేటు దగ్గర తెరపై నిమిషానికో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూపిస్తున్నారు. ఉద్దేశం మంచిదే, పేరే తప్పు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పద్ధతిలో ఏక్యూఐకి కనీసం 3 కాలుష్యకాల వివరాలు కావాలి. ధూళికణాలకైతే 24 గంటల సగటు, అందులో కనీసం 16 గంటల డేటా ఉండాలి. ఒక్క పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు సన్నని ధూళికణాలు) సెన్సర్‌తో అది తేలదు.

అసలు చిక్కు తేమతో. ఈ సెన్సర్లు కణాలపై పడి చెదిరిన లేజర్ కాంతిని బట్టి లెక్కగడతాయి. తేమ 80 శాతం దాటితే కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి. డిసెంబరు తెల్లవారుజామున పొగమంచుకే రీడింగ్ ఎగబాకుతుంది. సెన్సర్ ఉన్న పెట్టెలోనే తేమ సెన్సర్ కూడా పెట్టి, ఆ అంకెనూ నమోదు చేయాలి. పీఎం 10 (10 మైక్రాన్లలోపు కణాలు) రీడింగ్‌నైతే నమ్మకపోవడమే మేలు. పెద్ద కణాలను ఇవి సరిగా పట్టలేవు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి నాణ్యత నిరంతర పర్యవేక్షణ కేంద్రం ఉంది. అలాంటి చోట పెట్టెలన్నింటినీ రెండు మూడు వారాలు పక్కపక్కనే నడిపి, కేంద్రం రీడింగులతో పోల్చి, ఒక్కోదానికీ దిద్దుబాటు గుణకం కట్టాలి. చలికాలం గుణకం వానాకాలానికి పనికిరాదు.

ఇలాంటి చౌక సెన్సర్లలో ఒకటైన నోవా ఎస్‌డీఎస్ 011 లేజర్ ఆయుష్షు సుమారు 8,000 గంటలు. ఆపకుండా తిప్పితే ఏడాది రాదు. 5 నిమిషాలకోసారి లేపి, ఫ్యాన్ 30 సెకన్లు తిరిగాక రీడింగ్ తీసుకుంటే చాలు. మెస్ పొగగొట్టానికీ, ఏసీ యూనిట్లకూ దూరంగా బిగించాలి. గాలి వెళ్లే గొట్టంలో సాలీడు గూడు కట్టిందేమో నెలకోసారి చూడాలి. దిద్దని రీడింగులను కూడా అందరికీ అందుబాటులో ఉంచాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాం.

— పర్యావరణ ఇంజినీర్లు, హైదరాబాద్