బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గరికి వెళ్తున్నాం

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయ్యాక, జనవరి 24న, ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లల్ని బొబ్బిలి యుద్ధ స్తంభం దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఇంత దగ్గరున్నదానికి టూర్ ఎందుకండీ అని కొందరు అడిగారు. దగ్గరుంది కాబట్టే. చుట్టాలొస్తే బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి తీసుకెళ్లి వీణలు చూపిస్తాం, స్తంభం దగ్గరికి మాత్రం తీసుకెళ్లం. పిల్లల్ని అడిగితే దాని పక్కనుంచి తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆగి చూసినవాళ్లు దాదాపు లేరు.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో, విజయనగరం విజయరామరాజు సైన్యంతో కలిసి మన కోట మీదికొచ్చాడు. అది మట్టికోట. తాండ్ర పాపారాయుడి పేరు పిల్లలందరికీ తెలుసు, కానీ ఆ రోజు ఆయన కోటలో లేడని, తర్వాత రాత్రివేళ శత్రువుల విడిదిలోకి దూరి విజయరామరాజును చంపాడని చెబితే ఆశ్చర్యపోతున్నారు.

నాకు ముఖ్యం మాత్రం కోట లోపలివాళ్లు. ఇక నిలవదని తెలిశాక ఆడవాళ్లని, పిల్లల్ని శత్రువుల చేతికి చిక్కనివ్వకూడదని సొంత మనుషులే చంపారు. బొబ్బిలి రాజు రంగారావు కొడుకు, చిన్నపిల్లాడు, ఒక ముసలాయన దాచి కాపాడటం వల్ల బతికాడు. ఆ ముసలాయన రాజుగారి మాట కాదని దాచాడట, ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఈ సంగతి రాశాడు. కత్తి పట్టినవాళ్ల గురించి ఎన్నో కథలు చెప్పుకున్నాం, ఈయన గురించి కూడా పిల్లలు మాట్లాడుకోవాలని నా కోరిక. ఇదంతా చిన్న క్లాసులకి బరువని వాళ్లని తీసుకెళ్లడం లేదు.

ఒక్క మనవి. ఇంట్లో ఈ కథ చెప్పేటప్పుడు విజయనగరం వాళ్లు, బొబ్బిలి వాళ్లు అని ఎత్తిపొడుపులు వద్దు, మన ఇళ్లలో చాలామందికి వియ్యాలు రెండు వైపులా ఉన్నాయి, క్లాసులో ఆ మాటలు గొడవలకి దారితీస్తున్నాయి కూడా.

ఈ కథ పాడగలిగిన, చెప్పగలిగిన తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు ఉంటే తప్పకుండా మాతో రండి, బస్సులో చోటు ఉంచుతాం. అంగీకార పత్రం డైరీలో పెట్టాం, సంతకం చేసి క్లాస్ టీచర్‌కి పంపండి. టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు