సర్వర్ మార్పిడి తర్వాత కనిపించకుండా పోయిన ఫైళ్లపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: హోమ్ డైరెక్టరీల (ఒక్కొక్కరి సొంత ఫైళ్లుండే ఫోల్డర్ల) మౌంటింగ్‌లో (డిస్క్‌ను ఒక ఫోల్డరుకు జతచేయడంలో) మీ సిబ్బంది చేసిన తప్పులు, మా ఉద్యోగిపై వేసిన నింద.

అయ్యా,

మా ముద్రణాలయంలోని పాత సెంటాస్ 6 (లైనక్స్‌లో ఒక పాత రకం) సర్వర్ స్థానంలో కొత్త లైనక్స్ సర్వర్ పెట్టే పని మీకు అప్పగించాం. ఫైళ్లు పోవడానికి మా కంపోజిటర్ అమ్మాయి సేవ్ చేయకపోవడమే కారణమని మీ ఇంజనీరు నలుగురి ముందు అన్నారు. అది నిజం కాదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

హోమ్ డైరెక్టరీలున్న డిస్క్‌కు కొత్త యంత్రంలో పేరు మారింది, దాంతో అది మౌంట్ కాలేదు. ఏ డిస్క్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఆ పేరుకు బదులు యూయూఐడీ (యంత్రం మారినా మారని గుర్తింపు సంఖ్య) రాసి ఉంటే ఏ ఇబ్బందీ వచ్చేది కాదు. సోమవారం వచ్చిన ఇంజనీరు ఆ వరుసనే తీసేసి, సిస్టమ్ డిస్క్ మీద ఖాళీ డైరెక్టరీలు సృష్టించి, పని కానివ్వమని చెప్పి వెళ్లారు. బుధవారం మరొకరు వచ్చి అసలు డిస్క్‌ను అదే చోట మౌంట్ చేశారు. పాత ఫైళ్లు వచ్చాయి, రెండు రోజుల పని వాటి కింద కప్పబడిపోయింది.

అందులో ఒక శుభలేఖ ఉంది. పెళ్లికూతురిది మా ఊరు, పెళ్లికొడుకుది పాతపట్నం. అందుకని ఒక పక్క ఒడియా, మరో పక్క తెలుగు. గోత్రాలు, తాతల పేర్లు పెళ్లికూతురి పెదనాన్నగారు పక్కన కూర్చుని రెండుసార్లు దిద్దించారు. బుధవారం రాత్రి పదకొండు దాటే వరకు ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ అదంతా మళ్లీ కంపోజ్ చేసింది.

ఆమె వెళ్లాక నేను సిస్టమ్ డిస్క్‌ను వేరే చోట బైండ్ మౌంట్ చేసి (అందులోనివి ఇంకో ఫోల్డరులోనూ కనిపించేలా చేసి) చూశాను. శుభలేఖ ఫైలు మంగళవారం సాయంత్రం 6:40 సమయంతో పదిలంగా ఉంది. ఆమె సేవ్ చేసింది. మీరు కప్పేశారు.

ఇంకొకటి. సెంటాస్ 6లో యూజర్ల నంబర్లు 500 నుంచి మొదలవుతాయి, తర్వాతి తరాల్లో 1000 నుంచి. ఫైలు మీద నమోదయ్యేది యజమాని పేరు కాదు, ఆ నంబరే. ఖాతాలు కొత్త నంబర్లతో తెరవడం వల్ల ఎవరి ఫైళ్లలో వారే మార్పులు చేయలేకపోయారు. ఫైళ్ల యాజమాన్యం సరిచేయాల్సింది పోయి మీవాళ్లు అన్నింటికీ 777 అనుమతి ఇచ్చారు. ఇప్పుడు జీతాల లెక్కలు ఎవరైనా తెరవవచ్చు, చెరపవచ్చు కూడా. ఇది మరమ్మతు ఎలా అవుతుంది?

అనుభవమున్న వ్యక్తిని పంపి యాజమాన్యాన్ని, అనుమతులను సరిచేయించండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ రాయించి, మా ఎదుటే యంత్రాన్ని ఆపి మళ్లీ ప్రారంభించి చూపించాలి. కింద ఉన్న ఫైళ్లన్నీ మాకు అప్పగించే వరకు సిస్టమ్ డిస్క్‌లో దేన్నీ తొలగించవద్దు.

మా కంపోజిటర్‌పై చేసిన ఆరోపణను ఆమె పేరున రాతపూర్వకంగా ఉపసంహరించుకోవాలి. ఆ ఉత్తరం ఆమె చేతికి అందాకే మిగిలిన బిల్లు చెల్లిస్తాను.

ఇట్లు,
ముద్రణాలయ యజమాని