ఉత్తరం అవతలి ఊరు చేరాలంటే

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటామని 2025 జనవరిలో అమెరికా ప్రకటించిన దగ్గర్నుంచి, ఈ అంతర్జాతీయ సంస్థలన్నీ దండగ, మనం కూడా బయటికి వచ్చేస్తే పీడా పోతుంది అనే మాట మీ పాఠకుల ఉత్తరాల్లో తరచూ కనబడుతోంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఐక్యరాజ్య సమితి ఆపలేని యుద్ధాలు రోజూ టీవీలో చూస్తున్నాం. అయినా ముప్పై నాలుగేళ్లు తపాలా ఉద్యోగం చేసినవాణ్ణి, అందులో సగానికి పైగా కోనసీమలో ఒక చిన్న పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. నాకు దగ్గరగా తెలిసిన ఒక సంస్థ గురించి, దేశాల మధ్య తపాలా నియమాలు చూసే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ గురించి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఎనభైల చివర్లో మా ఆఫీసుకు కువైట్ ఉత్తరాలు బాగా వచ్చేవి. ఇంటిపనికి వెళ్లిన ఆడపిల్లలు రాసినవి, ఎవరిచేతో రాయించినవి. వాళ్ల తల్లుల్లో చాలామందికి చదువు రాదు. కవరు చేతికివ్వగానే ముందు స్టాంపు చూసుకునేవారు. "మా అమ్మాయిదే" అనుకుని, "బాబూ, కాస్త చదివి పెట్టవా" అని కిటికీ పక్కన నిలబడేవారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక ఆ కవర్లు ఆగిపోయాయి. రోజూ మెయిల్ బ్యాగు వచ్చే వేళకు నలుగురైదుగురు తల్లులు మెట్ల మీద కూర్చుని ఉండేవారు. సీలు విప్పి బ్యాగు బోర్లించాక నా ముఖం వైపు చూసేవారు, ఏమీ అడిగేవారు కాదు. ఉత్తరం దానంతటది రాదని, దాని వెనక దేశాల మధ్య ఒక మాట నిలబడి ఉండాలని నాకు ఆ మెట్ల దగ్గరే తెలిసింది.

ఆ మాటే యూనివర్సల్ పోస్టల్ యూనియన్, మా భాషలో యూపీయూ. 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 22 దేశాలు దాని మీద సంతకాలు చేశాయి. ప్రపంచ తపాలా దినం ఆ తేదీదే. అంతకుముందు ప్రతి దేశమూ మిగతా దేశాలతో విడివిడిగా ఒప్పందాలు చేసుకునేది. ఉత్తరం మూడు సరిహద్దులు దాటితే మూడు లెక్కలు. తూకం ఒకచోట ఔన్సుల్లో, ఇంకోచోట గ్రాముల్లో. దారి మారితే రేటు మారేది. జర్మనీ తపాలా అధికారి హైన్‌రిష్ ఫాన్ స్టెఫాన్ పట్టుబట్టి సాధించిన ఉపాయం చాలా తేలికైనది: తపాలా వరకు సభ్య దేశాలన్నీ ఒకే భూభాగం. ఎవరు అమ్మిన స్టాంపు డబ్బు వారిదే. దారిలో మోసిన దేశానికి మాత్రం కొంత ఛార్జీ. రాసిన ఉత్తరానికి జవాబు వస్తుంది కదా, కాబట్టి లెక్క దానికదే సరిపోతుందన్నారు. జవాబు వస్తుందన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు అది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పోస్టుమాస్టరు గారు ఇది చెప్పినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

దేశాలు ఇలాంటి సంస్థలు ఎందుకు పెట్టుకుంటాయి, ఎందుకు చేరతాయి అన్నదాని మీద పండితులు ఎప్పట్నుంచో వాదించుకుంటున్నారు. సంస్థ అనేది బలమైన దేశాల నీడే, వాళ్లకు అక్కర తీరితే అదీ ఉండదని జాన్ మియర్‌షైమర్ లాంటి అమెరికన్ ప్రొఫెసర్లు అంటారు. మీ పాఠకుల మాటా దాదాపు ఇదే. మరో అమెరికన్ ప్రొఫెసర్ రాబర్ట్ కియోహేన్ వైపు వాళ్లు అలా కాదంటారు: నూరు మందితో నూరు బేరాలాడే బదులు అందరూ ఒకచోట కూర్చుంటే ఖర్చు తగ్గుతుంది, ఎవరు మాట తప్పారో నలుగురికీ తెలుస్తుంది. ఇంకొందరు లాభనష్టాలు పక్కన పెట్టి, నలుగురిలో మేమూ ఒక దేశమని అనిపించుకోవడానికే చాలా దేశాలు చేరతాయంటారు. దక్షిణ సూడాన్ 2011 జులైలో స్వతంత్ర దేశమైంది, అక్టోబరుకల్లా యూపీయూలో 192వ సభ్య దేశంగా చేరింది. కొత్త దేశానికి తన స్టాంపు పక్క దేశంలో చెల్లడం చిన్న విషయం కాదు.

బలవంతుల పెత్తనం లేదని నేను అనడం లేదు. మన దేశం 1876 జులై 1న చేరింది. చేరింది అంటే బ్రిటిష్ వాళ్లు చేర్చారు. అదే రోజు ఫ్రెంచి వలసలూ చేరాయి. వలసకు వేరే సభ్యత్వం ఉంటే ఏలే దేశానికి ఇంకో ఓటు దొరికినట్టే కదా. కానీ 1947 తర్వాత ఆ కుర్చీలో మనవాళ్లే కూర్చున్నారు, ఆ ఓటు మనదే అయింది.

అమెరికా సంగతీ చూడండి. పంచే దేశానికీ కొంత ఇచ్చే పద్ధతి తర్వాతి కాలంలో వచ్చింది. విదేశాల నుంచి వచ్చే చిన్న ప్యాకెట్లను పంచినందుకు అలా తమకు దక్కే రేటు మరీ తక్కువగా ఉందని, ముఖ్యంగా చైనా సరుకు దీంతో చవగ్గా వచ్చి పడుతోందని, 2018 అక్టోబరులో యూపీయూ నుంచి వెళ్లిపోతామని నోటీసు ఇచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో జెనీవాలో ప్రత్యేక మహాసభ పెట్టారు. ఎక్కువ తపాలా అందుకునే దేశాలు 2020 జులై నుంచి తమ రేటు తామే చెప్పుకోవచ్చన్నారు. అమెరికా తన పంతం చాలావరకు నెగ్గించుకుంది. అయినా బయటికి పోలేదు. అంత పెద్ద దేశం కూడా తన ఉత్తరాలను మిగతా దేశాల వీధుల్లో తానే పంచుకోలేదు మరి!

2025లో మనకే అనుభవమైంది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఆ సుంకం ఎవరు, ఎక్కడ, ఎలా వసూలు చేయాలో తేలక 88 తపాలా సంస్థలు అమెరికాకు కొంతో పూర్తిగానో సేవలు ఆపేశాయని యూపీయూ ప్రకటించింది. మన తపాలా శాఖ కూడా నెలాఖరుకు ఉత్తరాలతో సహా అన్నీ ఆపింది. మా వీధిలో ఒకావిడ డాలస్‌లో పురుడు పోసుకున్న కూతురికి పాత నేతచీరలతో చిన్న బొంతలు రెండు కుట్టి, ఉగ్గుగిన్నె పెట్టి పార్సెల్ కట్టించుకుంది. సెప్టెంబరు మొదట్లో తీసుకెళ్తే ఇప్పుడు తీసుకోవడం లేదన్నారు. అక్కడ బారసాల కూడా అయిపోయింది, ఇక్కడ గుడ్డ కుట్టు వేసిన పార్సెల్ ఆవిడ బీరువా మీదే ఉంది. సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతిలో అక్టోబరు 15న సేవలు మళ్లీ మొదలయ్యాకే అది కదిలింది. అలా ముందే కట్టించుకునే ఏర్పాటు మీద యూపీయూ కూడా దేశాలతో కలిసి పనిచేసింది. అది లేకపోతే ఒక్కో దేశం విడిగా వాషింగ్టన్ తలుపు తట్టుకోవాల్సి వచ్చేది.

కోపం వస్తే దేశాలు తపాలాను కూడా ఆపుతాయి. 2019లో పాకిస్తాన్ మనతో తపాలా ఆపింది, 2025 మేలో మనం వాళ్లతో ఆపాం. ఏ సంస్థా దాన్ని అడ్డుకోలేకపోయింది. ఈ బలహీనత ఉన్నదే. అందుకని ఇల్లు వదిలిపోతామా, లోపల ఉండి కప్పు బాగుచేసుకుంటామా అన్నదే నా ప్రశ్న.

లోపల ఉండి చేయాల్సినది చాలా ఉంది. 2025 సెప్టెంబరులో దుబాయ్‌లో జరిగిన యూపీయూ మహాసభలో, మన యూపీఐని ఆ సంస్థ చెల్లింపుల వేదికతో కలిపే ప్రాజెక్టును కేంద్ర మంత్రి ప్రారంభించారు. గల్ఫ్‌లో పనిచేసే కోనసీమ, కడప, జగిత్యాల వాళ్లు పంపే డబ్బు తక్కువ ఖర్చుతో ఊరి పోస్టాఫీసు దాకా రావడానికి ఇది దారి కావాలి. ఏ దేశం నుంచి ఎప్పుడు మొదలవుతుందో, ఛార్జీ ఎంతో తపాలా శాఖ స్పష్టంగా ప్రకటించాలి. అలాగే విదేశీ పార్సెళ్ల సుంకం నియమాలను ప్రతి కౌంటర్ దగ్గరా తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించాలి. పార్సెల్ కట్టించుకుని ఎండలో ఆటో ఎక్కి వచ్చిన తల్లికి ఆ సంగతి కౌంటర్ దాకా వచ్చాక తెలియకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
కోనసీమ జిల్లా