తెర మసకబారిన ఆ క్షణం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. కొత్త కంప్యూటర్ కొన్నందుకు సంతోషించాను గానీ, ఏ ప్రోగ్రామ్ ఎక్కించబోయినా తెర మసకబారి అనుమతి అడుగుతోందని విసుగుపుట్టి, విండోస్‌లో ఆ ప్రశ్న అడిగే 'యూజర్ అకౌంట్ కంట్రోల్' అమరికను అట్టడుక్కి దించేశానని నువ్వు రాసిన చోట మనసు కలుక్కుమంది. దయచేసి దాన్ని మళ్లీ పైకి జరుపు.

పాత విండోస్ ఎక్స్‌పీ రోజులు గుర్తున్నాయా? అప్పట్లో ఇళ్లలో దాదాపు అందరం, కంప్యూటర్‌లో దేన్నైనా మార్చగల అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే పనిచేసేవాళ్లం కనుక, మనం తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ, చివరికి ఈమెయిల్‌తో వచ్చిన ముక్కూమొహం తెలియని ఫైలుకు కూడా, సిస్టమ్ ఫైళ్లను మార్చే అధికారం అడగకుండానే దక్కేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా ఈ పద్ధతిని మార్చింది. నువ్వు అడ్మినిస్ట్రేటర్‌వే అయినా, లాగిన్ అయినప్పుడు విండోస్ నీ పేరిట రెండు టోకెన్లు, అంటే ఏమేం చేయవచ్చో చెప్పే అనుమతి చీటీల్లాంటివి, సిద్ధం చేస్తుంది; రోజువారీ పనులన్నీ తక్కువ అధికారాలున్న టోకెన్‌తో సాగిపోతాయి, రెండోది నువ్వు 'అవును' అన్నాకే ఆ ఒక్క ప్రోగ్రామ్ చేతికి వెళుతుంది. అమరికను అట్టడుక్కి దించితే, ప్రోగ్రామ్ కోరిందే తడవుగా, నీకు మాటైనా చెప్పకుండా ఆ రెండో టోకెన్ అందిపోతుంది.

ఇందులో నాకు ఎంతో నచ్చినది నువ్వు విసుక్కున్న ఆ మసకబారడమే. ఆ ప్రశ్న కనిపించేది మామూలు ప్రోగ్రామ్‌లకు ప్రవేశం లేని వేరే డెస్క్‌టాప్‌ మీద. కాబట్టి ఏ దొంగ ప్రోగ్రామూ నీ బదులు తానే 'అవును' నొక్కుకోలేదు. ఆ పెట్టెలో ప్రచురణకర్త పేరు కూడా చూడు. డిజిటల్ సంతకం లేకపోతే అది పసుపు రంగులో హెచ్చరిస్తుంది. సంతకం ఉన్నంత మాత్రాన ప్రోగ్రామ్ మంచిదని కాదు, అది ఎవరిదో, మధ్యలో ఎవరూ మార్చలేదనీ మాత్రమే తెలుస్తుంది. నిరుడు కరెంటు బిల్లు అనుకొని నేనొక ఫైలు తెరిస్తే ఇదే ప్రశ్న ఎదురైంది. బిల్లు చూడడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఎందుకని అనుమానం వచ్చి 'వద్దు' నొక్కాను.

విస్టా మరీ ఎక్కువసార్లు అడిగేదన్న మాట నిజమే. అవసరం లేకపోయినా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయడానికి అలవాటుపడిన ప్రోగ్రామ్‌ల తప్పు కూడా అందులో చాలా ఉంది. 2009లో విండోస్ 7 ఆ బెడద తగ్గించి, నువ్వు కిందికి జరిపిన ఆ నాలుగు మెట్ల అమరికను ఇచ్చింది. అయితే ఈ కాపలా సిస్టమ్‌కే పరిమితం. నీ ఫోటోలను చెరపడానికి ఏ ప్రోగ్రామ్‌కూ ఆ రెండో టోకెన్ అక్కర్లేదు, వాటికి వేరే డిస్కులో నకలు పెట్టుకో.

పాప ఆటలకు విడిగా, సిస్టమ్‌ను మార్చే అధికారం లేని స్టాండర్డ్ ఖాతా తెరిచి ఇవ్వు. అప్పుడు ఆ ప్రశ్న 'అవును, వద్దు' అని ఊరుకోదు, నీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎంత బతిమాలినా దాన్ని పాపకు చెప్పకు, నువ్వే వచ్చి చూసి కొట్టు.

నీ మిత్రుడు