56 ఏపీఓ ఎక్కడుందో మా అమ్మకు చెప్పిన పెద్దాయనకు

నిన్న సాయంత్రం అమ్మ ఫోనుకు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. చదవమని నా చేతికిచ్చింది. కుటుంబ పింఛను, ఐదు నెలల బకాయితో కలిపి జమ అయింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఫోను తీసుకుని లోపలికి వెళ్లి నాన్న ఫొటో ముందు పెట్టి వచ్చింది. నిద్ర పట్టక ఇప్పుడు ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి, ఈ ఐదు నెలల్లో కంటినిండా నిద్రపోయిన రాత్రి లేదు.

నాన్న సైన్యంలో వాహనాలు, ఆయుధాలు మరమ్మతు చేసే ఈఎంఈ విభాగంలో 24 ఏళ్లు పనిచేసి 2004లో హవల్దారుగా ఇంటికి వచ్చారు. మొన్న వేసవిలో గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ ముగిసిన మర్నాటి నుంచి కాగితాల కర్మ మొదలైంది. సైన్యం రికార్డులో అమ్మ పేరు చివర ‘అమ్మ’ అని ఉంది, ఆధార్‌లో ‘దేవి’ అని ఉంది. పుట్టిన సంవత్సరంలో మూడేళ్లు తేడా. బ్యాంకులో అడిగితే మా చేతిలో లేదు, స్పర్శ్‌లో చూసుకోండి అన్నారు. సైనిక పింఛన్లన్నీ ప్రయాగరాజ్ నుంచి నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ పేరు స్పర్శ్ అని మాకు ఆ రోజే తెలిసింది. ఇంకో కౌంటరుకు వెళ్తే ముందు సైన్యం రికార్డ్స్ ఆఫీసులో పేరు దిద్దించుకు రమ్మన్నారు. ఒక రోజు సర్వర్ లేదు, ఒక రోజు సారు లేరు. మూడోసారి వెళ్లినప్పుడు ఒకాయన తలెత్తకుండానే, “ఈమె ఆయన భార్యే అనడానికి రుజువేమిటి?” అన్నాడు. నలభై ఏళ్ల కాపురం. అందులో దాదాపు సగం మా ఊళ్లో ఒంటరిగా ఇద్దరు పిల్లలను పెంచుకుంటూ, సెలవు ఎప్పుడొస్తుందా అని చూస్తూ గడిపిన మనిషి. ఆ రోజు కడప నుంచి మైదుకూరు వరకు బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను కూడా పలకరించలేదు.

నాన్నతో కలిసి మిలటరీ క్యాంటీన్‌కు వెళ్లే ఆయన ఒకరు, సైనికుల కుటుంబాలకు సాయం చేసే ఈ క్లబ్బు గురించి చెప్పారు. కడప ఎర్రముక్కపల్లెలో మేడ మీద ఒక గది, ఒక బీరువా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఆదివారం ఆదివారం సైనికుల కుటుంబాల కాగితాలు చూస్తారు. కొడుకు సరిహద్దులో ఉంటే తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకెళ్తారు. మేము వెళ్లేసరికి అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు, సైన్యంలో గుమాస్తాగా చేరి సుబేదారుగా రిటైరైన మనిషి. కుడిచేతి రెండు వేళ్లకు కొసలు లేవు. సియాచిన్ మంచులో పోయాయని చాలా రోజులకు వేరేవాళ్లు చెప్పారు.

నేను ఫైలు తెరిచి పేర్ల గొడవ చెప్పబోతే ఆగమన్నారు. నాన్న రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్ తీసుకుని అమ్మ వైపు తిరిగి, “ఇందులో ఏముందో నీకు ఎవరైనా చదివి వినిపించారా తల్లీ?” అని అడిగారు.

ఎవరూ వినిపించలేదు. నేను బడిలో పాఠాలు చెప్తాను. ఆ పుస్తకం ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంది. నాకు ఒక్కనాడూ ఆ ఆలోచన రాలేదు.

ఆయన చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క గడి చదవడం, తెలుగులో చెప్పడం. చేరిన సంవత్సరం 1980. ఎత్తు, ఛాతీ. గుర్తింపు చిహ్నం దగ్గరికి వచ్చి, “ఎడమ మోకాలి కింద పుట్టుమచ్చ” అన్నారు. అమ్మ ఒక్కసారిగా నవ్వింది. నాన్న పోయాక అదే మొదటిసారి. “పుట్టుమచ్చ కాదు సార్, చిన్నప్పుడు ఎద్దు పొడిచింది” అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఆ కౌంటరు దగ్గర ఈ మాట చెప్పవలసింది తల్లీ” అన్నారు.

ఆ నవ్వుతో అమ్మకు ధైర్యం వచ్చిందేమో, నన్ను ఏనాడూ అడగని మాట ఆయనను అడిగింది. “సార్, 56 ఏపీఓ ఏ రాష్ట్రంలో ఉంది?” నాన్నకు రాయించిన ప్రతి ఉత్తరం మీదా అదే చిరునామా. అదేదో పెద్ద ఊరనే ఇన్నేళ్లూ అనుకుంది. నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం నవ్వలేదు. అది ఊరు కాదని, సైన్యం తపాలాకు పెట్టుకున్న నంబరని, పటాలం ఎక్కడున్నదీ బయటివారికి తెలియకుండా ఉత్తరాలు ఆ నంబరుకే వెళ్తాయని చెప్పారు. తర్వాత పాత ఫారం ఒకటి తిరగేసి, దాని వెనక భారతదేశం బొమ్మ గీశారు. నాన్న పనిచేసిన యూనిట్ల పేర్లు చూసుకుంటూ, ఈ మూడేళ్లు జోధ్‌పూర్, ఈ రెండేళ్లు లేహ్ అని చుక్కలు పెట్టారు. “ఎత్తయిన కొండల్లో పనిచేసినవాళ్లకు ఇచ్చే పతకం ఉంది చూడు, అక్కడిదే” అన్నారు. అమ్మ ఆ లేహ్ చుక్క మీద వేలు పెట్టి, “వీడు పుట్టినప్పుడు ఇక్కడున్నారన్నమాట” అంది. మా తమ్ముడి గురించి. నేను లేచి మెట్ల మీదికి వెళ్లి ఏడ్చాను. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు.

మిగతాదంతా కాగితాలే. అఫిడవిట్టు, పత్రికలో ప్రకటన, రికార్డ్స్‌కు అర్జీ. మొదట కొంతకాలం హెచ్చు రేటు, ఆ తర్వాత చివరి జీతంలో 30 శాతం వస్తుందని కూడా ఆయన చెబితేనే తెలిసింది. కలుపు తీసి తీసి అరిగిన అమ్మ వేలిముద్ర యంత్రంలో పడకపోతే, ఫోనులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పూర్తి చేయించారు. అర్జీ కదలడం లేదని వెంకటాద్రి రైలెక్కి స్వయంగా సికింద్రాబాద్‌లోని రికార్డ్స్ ఆఫీసుకు వెళ్లివచ్చారు. టికెట్టు డబ్బులివ్వబోతే, “పెద్దవాళ్లకు రాయితీ ఉందమ్మా, పెద్దగా కాలేదు” అన్నారు. రైల్వేలో వృద్ధుల రాయితీ 2020లోనే ఆపేశారని నాకు ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. సుబేదారుగారూ, ఆ అబద్ధం నాకు తెలిసిపోయింది.

పేరు దిద్దితే పోయే పనికి, వేళ్లు పోగొట్టుకున్న ఒక ముసలాయన రాత్రి రైల్లో వెళ్లవలసి రావడం ఏమిటి? ఆయన దొరకనివాళ్ల సంగతి ఏమిటి? సరే, ఈ పూటకు ఇది వద్దు.

తమ్ముడు, మా ఆయన, చిన్నాన్న ఎంత తిరిగారో మా అందరికీ తెలుసు. ఇంటివాళ్లకు ఇలా రాసి చెప్తే నవ్వుతారు.

క్లబ్బు సభ్యులందరికీ దండాలు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినానికి హుండీ పట్టుకుని నేనూ వస్తాను. ఏటా బడిలో పిల్లల చొక్కాలకు ఆ చిన్న జెండాలు గుచ్చాను తప్ప, ఆ డబ్బు ఎవరికి చేరుతుందని అడిగిందే లేదు.

అయ్యో, క్లబ్బులో మాకు మజ్జిగ ఇచ్చిన మేడమ్‌గారిని మరిచాను. ఫీజు సగమే తీసుకున్న నోటరీగారిని కూడా. షట్టరు సగం దించినవాడు మళ్లీ ఎత్తి నలభై జిరాక్సులు తీసిచ్చిన అబ్బాయి ఒకడు.

ఇంకొకరు. కాగితాల సంచి సీట్లోనే మరిచి దిగిపోతే, బస్సు ఆపించి కిటికీలోంచి సంచి అందించిన కండక్టరు. డిశ్చార్జి బుక్, ఆ చుక్కల బొమ్మ, రెండూ అందులోనే ఉన్నాయి. కంగారులో పేరు అడగలేదు. మంగళవారం మధ్యాహ్నం, కడప నుంచి మైదుకూరు వచ్చే బస్సు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.